ఆషాఢ గాలికి లెక్క కట్టిన అన్నా మణి

అనంతపురం వైపు ఆషాఢ గాలిని మెచ్చుకునే రైతు ఉండడు. నైరుతి రుతుపవనం పడమటి కనుమల మీదే వానంతా కురిపించేసి, మన మెట్టకు చేరేసరికి ఉత్త గాలిగా మిగులుతుంది. వేరుశనగ విత్తడానికి ఒక్క పదునైనా దొరక్కపోతుందా అని జనం ఎదురుచూస్తుంటే, పట్టిన మబ్బును ఆ గాలే తరిమేస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోట ఇంతకు మించిన శాపం ఏముంటుంది!

ఆ గాలిలో ఎంత కరెంటు ఉందో తేల్చిన పనికి వెనకున్న మనిషి అన్నా మణి. ఆమె 1918లో తిరువాన్కూరు కొండల్లోని పీరుమేడులో పుట్టిన మలయాళీ. తెలుగు సంఘం సంచికలో ఆమెకేం పని అని ఎవరైనా అడిగితే, అనంతపురం వైపు రామగిరి కొండల మీద తిరిగే గాలిమరల రెక్కలను చూపిస్తాను.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు ముగించి, 1940లో బెంగళూరులో సి.వి. రామన్ ప్రయోగశాలలో చేరింది. వజ్రాలు, కెంపుల మీద కాంతి ప్రయోగాలు చేసి, అయిదు పరిశోధన పత్రాలు ప్రచురించింది. మద్రాసు విశ్వవిద్యాలయం మాత్రం ఎమ్మెస్సీ లేదన్న సాకుతో పీహెచ్‌డీ ఇవ్వలేదు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ల పేర్లు ఈరోజు ఎవరికి గుర్తున్నాయి? 1945లో లండన్ ఇంపీరియల్ కాలేజీకి వెళ్లింది. చదవాలనుకున్నది భౌతికశాస్త్రం, దొరికిన స్కాలర్‌షిప్పు వాతావరణ పరికరాల మీద. అదే జీవితమైంది.

1948లో పుణెలో వాతావరణ శాఖ ఉద్యోగంలో చేరేనాటికి మన దేశం ఆ పరికరాల్లో చాలావాటిని బయటినుంచి తెప్పించుకుంటోంది. ఆమె నాయకత్వంలో దాదాపు వంద పరికరాలకు ప్రామాణిక నమూనా చిత్రాలు తయారై, ఇక్కడే ఉత్పత్తి మొదలైంది. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో ఎండను కొలిచే కేంద్రాల వరుసను దేశమంతటా నిలబెట్టింది. డిప్యూటీ డైరెక్టర్ జనరల్ హోదాలో 1976లో రిటైరైంది.

అసలు మనకు పనికొచ్చిన పని అక్కడినుంచే మొదలవుతుంది. మళ్లీ బెంగళూరు చేరి, రామన్ పరిశోధనా సంస్థలో ఉంటూ 1980లో భారతదేశపు సౌర వికిరణ దత్తాంశాల చేతిపుస్తకాన్ని, మరుసటి ఏడాది దానికి తోడుగా ఇంకో గ్రంథాన్ని వెలువరించింది. సోలార్ ఇంజనీర్లకు చాలాకాలం అవే ఆధారం. తర్వాత గాలి వంతు. ఆమె ఆధ్వర్యంలో దేశంలో ఏడువందలకు పైగా చోట్ల గాలి వేగాన్ని కొలిచారు.

కొలవడంలో అంత గొప్పేముంది అనిపించవచ్చు. గాలిలోని శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. సెకనుకు 5 మీటర్లు వీచే గాలిని 6 అని రాసుకుంటే, ఉన్న శక్తికి మరో 70 శాతం పైగా కాగితం మీద కలిసిపోతుంది. ఆ లెక్క నమ్మి అప్పిచ్చిన బ్యాంకు మునుగుతుంది. గాలి వేగాన్ని కొలిచే పరికరంలో తిరిగే కప్పుల ఇరుసు కొంచెం బిగుసుకున్నా, దాన్ని నిలిపే స్తంభాన్ని చెట్టు చాటున పాతినా ఫలితం తప్పే. అందుకే పరికరం విషయంలో అన్నా మణి ఎవరినీ క్షమించేది కాదు. తప్పుడు కొలత కంటే కొలవకపోవడమే మేలన్నది ఆమె పట్టుదల.

జాతీయ పవన సర్వే జాబితాలో మన పేర్లు కనిపిస్తాయి: రామగిరి, కడవకల్లు, సింగనమల, మిడ్ పెన్నార్ డ్యాం. కరువు పనుల జాబితాల్లో ఈ ఊళ్లను చూసిన కళ్లకు ఇది కొత్త. 1990ల్లో రామగిరి, కడవకల్లు గుట్టల మీద గాలిమరలు లేచాయి. ఎండ లెక్క కూడా ఆలస్యంగానైనా ఫలించింది. నంబులపూలకుంటలో 1500 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టి, 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్లతో మొదలుపెట్టింది. (రామగిరి, నంబులపూలకుంట ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి, మనలో చాలామందికి అది ఇంకా అనంతపురమే.)

పార్కులు లేచినంత మాత్రాన రైతు లాభపడ్డాడని నేననను. రాష్ట్ర సరిహద్దు దాటితే పావగడలో 2050 మెగావాట్ల పార్కుకు భూమిని కొనకుండా కౌలుకు తీసుకున్నారు, మొదట్లో ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు. భూమి పేరు రైతుదే. మనవాళ్లు ఆ దారి ఎందుకు పట్టలేదో అడగాల్సిందే.

1994లో పక్షవాతం అన్నా మణిని మంచానికి పరిమితం చేసింది. 2001 ఆగస్టులో తిరువనంతపురంలో కన్నుమూసింది. ఆమె కాలంలో గాలిని కొలిచిన స్తంభాలు 20, 25 మీటర్ల ఎత్తువి. ఇప్పటి గాలిమర ఇరుసు వంద మీటర్ల పైన తిరుగుతుంది, అక్కడి గాలి వేరు. తొలినాళ్లలో గాలి బాగున్న గుట్టలను వెతికి వెతికి పట్టుకున్నవి కొన్ని వందల కిలోవాట్ల చిన్న మరలు. ఈనాటి మర ఒక్కటే రెండు మూడు మెగావాట్లు ఇస్తుంది. పాతవి తీసి పెద్దవి పెట్టేందుకు కేంద్రం 2016లో విధానం తెచ్చింది, 2023లో దాన్ని సవరించింది. ఆ పని జోరందుకుంటే రామగిరి గాలిని ఈసారి వంద మీటర్ల ఎత్తున మళ్లీ కొలవాలి.