చూపుల వేలంపాట

లక్డారం అంటే పటాన్‌చెరు వైపు వాళ్లకు మొదట గుర్తొచ్చేది కంకర. క్వారీలు, క్రషర్లు, దుమ్ము కప్పుకున్న టిప్పర్లు. క్రషర్‌లో షాఫ్ట్ విరిగిందంటే ఆ పూట కంకర లేనట్టే. కంపెనీ నుంచి కొత్తది వచ్చేదాకా ఆగలేని యజమాని విరిగిన ముక్కను బండిలో వేసుకుని లేత్ షాపుకు పోతాడు. లేత్ మీద ఉన్నాయన డ్రాయింగ్ ఏదని అడుగుతాడు. ముక్కను కొలిచి, అరిగిన మేర లెక్కగట్టి, కంప్యూటర్లో కొలతలతో సహా గీసిచ్చే మనిషి అప్పుడు కావాలి.

అలాంటి పనిని సొంతంగా చేసుకునే కుర్రాడొకణ్ణి ఊహించుకుందాం. ల్యాప్‌టాప్, వెర్నియర్, ఫోన్, అంతే అతని దుకాణం. గిరాకీ కోసం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో రోజుకు రెండు వందల రూపాయల యాడ్ పెట్టాడు. ఆ రెండు వందలు ఎటు పోతాయో చూద్దాం.

హోర్డింగ్ అద్దెలాగా ఇంత జాగాకు ఇంత అని ఇక్కడ ధర ఉండదు. ఎవరో ఒకరు ఫోన్ తెరిచి వేలితో పైకి జరుపుతున్నప్పుడు, యాడ్ పట్టే ఖాళీ వచ్చిన ప్రతిసారీ, రెప్పపాటులో ఒక వేలంపాట జరిగిపోతుంది. ఎక్కువ పాడినవాడే గెలవాలని లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా కంపెనీ చెప్పే లెక్క ప్రకారం, పాడిన ధరను, ఈ మనిషి ఈ యాడ్‌కు స్పందించే అవకాశం ఎంతో ఆ అంచనాతో గుణిస్తారు. దానికి యాడ్ నాణ్యతను కలుపుతారు. మొత్తం ఎవరిది పెద్దదైతే ఆ ఖాళీ వాళ్లది.

నాణ్యతను కాసేపు పక్కన పెట్టి అంకెలు వేసి చూద్దాం. ఇస్నాపూర్‌లో ఒక వర్క్‌షాప్ సూపర్‌వైజర్ ఫోన్ తెరిచాడు. విల్లాలు అమ్మే కంపెనీ ఒక్కో ఎంక్వైరీకి 300 రూపాయలు పాడింది. కానీ ఈ సూపర్‌వైజర్ విల్లా గురించి అడిగే అవకాశం వెయ్యిలో ఒకటి. అంటే ఆ పాట విలువ 30 పైసలు. మన కుర్రాడు ఒక్కో వాట్సాప్ మెసేజ్‌కు 60 రూపాయలే పాడాడు. సూపర్‌వైజర్ మెసేజ్ పెట్టే అవకాశం వందలో ఒకటి. విలువ 60 పైసలు. గెలిచింది కుర్రాడే.

చిత్రమేమంటే, అతను కట్టేది 60 పైసలు కాదు, 30. ఈ పద్ధతికి మూలం కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలియం విక్రీ 1961లో రాసిన పరిశోధన పత్రం. గెలిచినవాడు తన పాటను కాకుండా రెండో పాటను చెల్లిస్తే, ఎవరికీ అబద్ధపు ధర పాడాల్సిన పని ఉండదని ఆయన నిరూపించాడు. 1971లో క్లార్క్, 1973లో గ్రోవ్స్ అనే ఆర్థికవేత్తలు దాన్ని ఇంకా విస్తరించారు. నువ్వు అడ్డం రావడం వల్ల మిగతావాళ్లకు ఎంత నష్టమో అదే నీ ధర అన్నది దాని సారం. ఫేస్‌బుక్ తన వేలాన్ని కట్టుకున్నది ఈ ఆలోచన మీదే. విక్రీకి 1996 అక్టోబరులో నోబెల్ ప్రకటించారు, మూడు రోజులకే ఆయన చనిపోయాడు. తన వేలంపాట రోజూ కోట్ల సార్లు జరగడం ఆయన చూడలేదు.

చూపుకు 30 పైసలంటే వెయ్యి చూపులకు మూడు వందలు. వెయ్యిలో పది మెసేజ్‌లు, మెసేజ్‌కు ముప్పై రూపాయలు. మీద 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ నంబరు లేని చిన్నవాడికి అది తిరిగి రాదు.

ఇప్పుడు మ్యాప్ దగ్గరికి వద్దాం. యాడ్ ఎవరికి కనబడాలో వృత్తం గీసి చెప్పవచ్చు. చాలామంది పెద్ద వృత్తమైతే ఎక్కువ గిరాకీ అనుకుంటారు. లక్డారం చుట్టూ పది కిలోమీటర్ల వ్యాసార్థం అంటే సుమారు 314 చదరపు కిలోమీటర్లు. పాశమైలారం, ఇస్నాపూర్, రుద్రారం అందులోకి వస్తాయి. నలభై చేస్తే వైశాల్యం నాలుగింతలు కాదు, పదహారింతలు అవుతుంది. గచ్చిబౌలి, మాదాపూర్ మొత్తం లోపలికొస్తాయి. అక్కడి ఫ్లాటు మనిషికి షాఫ్ట్ డ్రాయింగ్ ఎందుకు? అతను మెసేజ్ పెట్టే అవకాశం పదివేలలో ఐదనుకుంటే, మన 60 రూపాయల పాట విలువ మూడు పైసలు. ఇల్లు అమ్మేవాళ్లు, ఇంటీరియర్ చేసేవాళ్లు అదే చూపు కోసం కాచుకుని ఉంటారు.

చిన్న వృత్తమూ నూరుపాళ్లు నమ్మదగింది కాదు. ఫోన్ ఎక్కడుందో తెలిపేది జీపీఎస్, దగ్గర్లోని వైఫై, ఇంటర్నెట్ చిరునామా లాంటి సంకేతాలు. పైగా ఈ ప్రాంతాన్ని చీల్చుకుంటూ 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది. పుణె వైపు పోయే లారీ డ్రైవరు, రుద్రారంలోని గీతం యూనివర్సిటీ విద్యార్థి, కంది ఐఐటీకి వచ్చిన అతిథి... వీళ్లంతా ‘ఇటీవల ఈ చోట ఉన్నవాళ్లు’ కిందికి రావచ్చు. భాష సంగతి వేరే. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి ఫ్యాక్టరీ షెడ్లలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. మెషిన్ ఆగిందని ముందుగా చూసేది వాళ్లే. యాడ్‌లో హిందీ మాట ఒకటి కూడా ఉండాలని నేనైతే అంటాను.

అసలు చిక్కు వేలంలో కాదు, నేర్చుకోవడంలో ఉంది. ఎవరు స్పందిస్తారో అంచనా వేసే యంత్రానికి అనుభవం కావాలి. వారంలో సుమారు 50 ఫలితాలు వస్తే గాని తన అంచనా కుదురుకోదని మెటాయే చెబుతుంది. రోజుకు రెండు వందలంటే వారానికి పధ్నాలుగు వందలు, అంటే నలభై ఆరు మెసేజ్‌లు. అంచు దాకా వచ్చి ఆగినట్టు. మధ్యలో సోమవారం ఫొటో మార్చి, బుధవారం వృత్తం మార్చితే నేర్చుకోవడం మళ్లీ మొదటికి వస్తుంది.

మెసేజ్‌లు కాదు, ఆర్డర్లే ఫలితంగా పెట్టుకుంటే? వారానికి యాభై ఆర్డర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇక్కడ అన్ని షాఫ్టులు విరగవు. కాబట్టి మెసేజ్‌తో సరిపెట్టుకోవాల్సిందే. అప్పుడు యంత్రం వెతికేది మెసేజ్ పెట్టే స్వభావమున్న మనుషులను. పని ఇచ్చేవాళ్లు వేరు, ‘రేటెంత బ్రదర్’ అని అడిగి మాయమయ్యేవాళ్లు వేరు. యంత్రానికి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. లైకుల కోసం పోస్టును బూస్ట్ చేసేవాళ్ల పరిస్థితి ఇంకా కనాకష్టం. వాళ్లకు దొరికేది లైకులు కొట్టే జనం.

తక్కువ అంకెలు మనిషిని కూడా మోసం చేస్తాయి. ఒక యాడ్‌లో రంగురంగుల త్రీడీ బొమ్మ, ఇంకో యాడ్‌లో స్కేలు పక్కన పెట్టిన విరిగిన షాఫ్ట్. మొదటిదానికి ఏడు మెసేజ్‌లు, రెండోదానికి పన్నెండు. విరిగిన షాఫ్టే మేలని తేల్చేయవచ్చా? నాణేన్ని పంతొమ్మిది సార్లు ఎగరేస్తే, బొమ్మాబొరుసుల మధ్య ఇంత తేడా గాని ఇంతకు మించిన తేడా గాని రావడానికి వందలో 36 వంతుల అవకాశం ఉంది. తేల్చడానికి ఇది చాలదు.

ముప్పై మెసేజ్‌లొచ్చి ఒక్క ఆర్డరూ రాకపోతే? తొమ్మిది వందలు దండగని యాడ్ ఆపేస్తారు చాలామంది. గణాంక శాస్త్రంలో మూడింటి నియమం అని ఒకటుంది. 1983లో అమెరికా వైద్య పత్రిక ఒకదానిలో, మందుల దుష్ఫలితాల సందర్భంలో హాన్లీ, లిప్‌మన్‌హ్యాండ్ దీన్ని వివరించారు. n సార్లు చూసినా ఒక్కసారీ జరగని సంగతికి అసలు అవకాశం 3/n దాకా ఉండవచ్చు. ముప్పై మెసేజ్‌లకు అది పది శాతం. నిజంగా పది శాతమే అయితే ఆర్డరుకు యాడ్ ఖర్చు మూడు వందలు. డ్రాయింగ్‌కు పదిహేను వందలు తీసుకునేవాడికి అది లాభమే. ఆర్డర్లు నిజంగానే రాకపోవచ్చు కూడా. ముప్పైతో ఏ సంగతీ తెలియదు.

ఫలితాలను లెక్కించే తీరులో ఇంకో లోటుంది. మామూలుగా మెటా, యాడ్ నొక్కిన ఏడు రోజుల్లోపు గాని, చూసిన ఒక రోజులోపు గాని జరిగినదాన్ని తన ఖాతాలో వేసుకుంటుంది. బట్టల దుకాణానికి అది సరిపోవచ్చు. క్రషర్ యజమాని జూన్‌లో యాడ్ చూసి నంబరు ఫోన్‌లో దాచుకుంటాడు. షాఫ్ట్ విరిగేది సెప్టెంబరులో. ఆ కాల్ ఏ డ్యాష్‌బోర్డులోనూ కనబడదు. కుర్రాడే ఫోనెత్తగానే ‘అన్నా, నా నంబరు మీకెట్ల దొరికింది?’ అని అడిగి, తారీఖుతో నోటుబుక్కులో రాసుకోవాలి.