ఎ మప్పెట్ ఫ్యామిలీ క్రిస్మస్

"ఎ మప్పెట్ ఫ్యామిలీ క్రిస్మస్" 1987 డిసెంబరు 16న అమెరికాలో ఏబీసీ టెలివిజన్ సంస్థ ప్రసారం చేసిన బొమ్మలాట కార్యక్రమం. క్రిస్మస్ పండుగ కోసం ప్రత్యేకంగా నిర్మించిన దీనికి జెర్రీ జూల్ రచయిత, పీటర్ హారిస్ దర్శకుడు. జిమ్ హెన్సన్ బొమ్మలు నటించిన మూడు ప్రసిద్ధ ధారావాహికల పాత్రలు ఇందులో ఒకే ఇంటిలో కలుసుకుంటాయి. నిడివి సుమారు 47 నిమిషాలు. ఆ తరువాత అమెరికాలో అమ్మకానికి వచ్చిన వీడియో టేపులోను, డీవీడీలోను కొన్ని పాటలు, దృశ్యాలు లేవు. అందువలన 1987లో ప్రసారమైన పూర్తి రూపాన్ని చాలాకాలం కాపాడింది ఆ రాత్రి ఇంట్లో టేపు మీద ముద్రించుకున్న ప్రేక్షకులే. ఈ కార్యక్రమానికి అభిమానులిచ్చిన స్పందన గురించి చెప్పుకోవాలంటే ఆ టేపుల గురించి కూడా చెప్పుకోవలసి ఉంటుంది.

నేపథ్యం

మప్పెట్లు నురుగు రబ్బరు, గుడ్డ, ఉన్నివంటి పదార్థాలతో చేసిన బొమ్మలు. ఆడించే కళాకారుడు బొమ్మ తలలో ఒక చేయి ఉంచి నోరు కదిలిస్తాడు. బొమ్మ చేతులను సన్నని కడ్డీలతో గాని, రెండవ చేతితో గాని ఆడిస్తాడు. తెలుగువారికి పరిచయమైన తోలుబొమ్మలాటలో తెరమీద పడే నీడను ప్రేక్షకులు చూస్తారు. మప్పెట్ల ఆటలో అటువంటి తెర ఉండదు. కళాకారులు కెమెరా చట్రానికి దిగువన ఉండి, బొమ్మను తలపైకెత్తి పట్టుకుని, ఎదురుగా ఉన్న చిన్న టీవీలో దాని కదలికలను చూసుకుంటూ ఆడిస్తారు. కనుక ఈ బొమ్మలకు టెలివిజన్ పెట్టెయే రంగస్థలం.

1969లో మొదలైన "సెసమీ స్ట్రీట్" చిన్నపిల్లలకు అక్షరాలు, అంకెలు నేర్పే కార్యక్రమం. 1976 నుండి 1981 వరకు ఇంగ్లండులో నిర్మించిన "ద మప్పెట్ షో" ఇంటిల్లిపాదికీ ఉద్దేశించిన హాస్య ప్రదర్శన. 1983 నుండి 1987 వరకు వచ్చిన "ఫ్రాగుల్ రాక్" నేల కింద గుహల్లో నివసించే చిన్న ప్రాణుల కథ. ఈ మూడింటికీ కళాకారులు చాలావరకు ఒక్కరే అయినా, కథాలోకాలు మాత్రం వేరు. కెర్మిట్ అనే కప్ప వంటి కొన్ని పాత్రలు తప్పిస్తే ఒక ధారావాహిక బొమ్మలు మరొకదానిలోకి అరుదుగానే వచ్చేవి. ఆ హద్దును చెరిపివేసి అందరినీ పండుగకు ఒక్కచోట చేర్చడమే ఈ కార్యక్రమంలోని కొత్తదనం.

కథ

ఫాజీ అనే ఎలుగుబంటి తన తల్లిని ఆశ్చర్యపరచాలని మిత్రబృందాన్ని వెంటబెట్టుకుని పల్లెలోని ఆమె ఇంటికి బయలుదేరుతాడు. ముందుగా కబురు మాత్రం చేయడు. ఆమె ఆ ఇంటిని అద్దెకిచ్చి తాను కాలిఫోర్నియాకు ప్రయాణం కట్టుకుని ఉంటుంది. అద్దెకు వచ్చినవాడు "ఫ్రాగుల్ రాక్"లోని డాక్ అనే వృద్ధుడు. ప్రశాంతంగా పండుగ గడుపుదామని తన కుక్క స్ప్రాకెట్‌తో అప్పుడే దిగాడు. ఆ ప్రశాంతత అయిదు నిమిషాలు కూడా నిలవదు. బృందం వెనుక బృందం వచ్చి ఇల్లు నిండుతుంది. గుమ్మం దగ్గర మంచు గడ్డకట్టిన జారుడు చోటు ఒకటి ఉంటుంది. వచ్చినవారు వచ్చినట్లు దానిమీద కాలు జారి పడుతుంటారు. ఈ చిన్న హాస్యం కథ పొడవునా తిరిగి తిరిగి వస్తుంది.

మిస్ పిగ్గీ అనే పంది ఇంకా రాలేదు. ఆమె దారిలో మంచు తుఫానులో చిక్కుకోవడంతో కెర్మిట్ కలత చెందుతాడు. ఈ మాత్రపు ఆందోళన తప్ప కథలో పెద్ద మలుపులు లేవు.

వంటవాడైన స్వీడిష్ షెఫ్ పండుగ విందుకు టర్కీ కోడి కోసం చూస్తాడు. ఆ టర్కీ తెలివిగా అతని దృష్టిని "సెసమీ స్ట్రీట్"లోని భారీ పక్షి బిగ్ బర్డ్ మీదికి మళ్ళిస్తుంది. తనను కోయడానికి చూస్తున్నాడని తెలియని బిగ్ బర్డ్, పండుగనాడు స్వదేశానికి దూరంగా ఉన్నాడన్న జాలితో షెఫ్‌కు ఒక కానుక ఇస్తుంది. దానితో షెఫ్ మనసు కరిగిపోతుంది. నేలమాళిగలో కెర్మిట్, అతని మేనల్లుడు రాబిన్ ఫ్రాగుళ్ళ గుహను కనుగొంటారు. అక్కడ ఒక గులకరాయి కానుకగా చేతులు మారుతూ వస్తోంది. ముప్ఫయి ఏడు సార్లు చేతులు మారిన ఆ రాయి రాబిన్‌కు దక్కుతుంది.

అభిమానుల ఆదరణ

మప్పెట్ అభిమానులు తమకు నచ్చిన క్రిస్మస్ కార్యక్రమాలను ఎంచేటప్పుడు దీనికి తప్పక చోటిస్తారు. వారు ముందుగా తలచుకునేవి పాత్రల మధ్య తొలి పరిచయాలు. "సెసమీ స్ట్రీట్" నుండి వచ్చిన ఎర్నీ, బెర్ట్ అనే స్నేహితులు డాక్‌ను పలకరిస్తూ ఏ మాట ఏ అక్షరంతో మొదలవుతుందో చెప్పడం ప్రారంభిస్తారు. తమ వీధిలో లోకాభిరామాయణం అంటే అదేనని వారి ఉద్దేశం. ఎప్పుడూ నానా గోల చేసే డ్రమ్ము వాయిద్యకారుడు ఏనిమల్, కుకీ మాన్‌స్టర్ తిండి తినే తీరు చూసి ముగ్ధుడవుతాడు. ఖరీదైన మింక్ బొచ్చుకోటు వస్తుందని ఆశించిన మిస్ పిగ్గీకి కెర్మిట్ ప్రాణమున్న మింకునే బహూకరిస్తాడు. ఈ హాస్యాలేవీ పాత్రలను ముందుగా ఎరగనివారికి పూర్తిగా అందవు. కథనం పలుచన అని, పాత్రలు మరీ ఎక్కువని అనిపించే అవకాశం కూడా వారికే ఎక్కువ. రచయిత దీనిని ఇంటివారి కోసమే రాశాడని చెప్పవచ్చు.

తెర వెనుక సంగతి తెలిసినవారికి మరొక ఆనందం ఉంది. కెర్మిట్, ఎర్నీ, స్వీడిష్ షెఫ్, పియానో వాయించే కుక్క రోల్ఫ్ - ఈ నలుగురికీ గొంతు హెన్సన్‌దే. మిస్ పిగ్గీ, ఫాజీ, బెర్ట్, కుకీ మాన్‌స్టర్, ఏనిమల్ పాత్రలు ఫ్రాంక్ ఆజ్‌వి. పైన చెప్పిన ఏనిమల్, కుకీ మాన్‌స్టర్‌ల సన్నివేశంలో ఆజ్ తన ఒక పాత్ర చేత మరొక పాత్రను మెచ్చుకునేలా చేశాడన్న మాట. ఒకే మనిషి గొంతు గల బొమ్మలు ఒక గదిలో చేరినప్పుడు ఏ బొమ్మను ఎవరు పట్టుకున్నారో ఊహించడం అభిమానులకు ఒక ఆట.

కోతలకు కారణం

అమెరికాలో విడుదలైన వీడియోలో లేని భాగాలలో అభిమానులు ఎక్కువగా బాధపడేది ఒక పాత ఇంటి చలనచిత్రం గురించి. కెర్మిట్ బృందానికి తమ బాల్యపు తొలి క్రిస్మస్ దృశ్యాలు చూపిస్తాడు. వాటిలో మప్పెట్లన్నీ పసిపిల్లలుగా కనిపిస్తాయి. "మప్పెట్ బేబీస్" పేరుతో 1984 నుండి వచ్చిన కార్టూను ధారావాహిక ఈ శిశురూపాలను ఇంటింటికీ పరిచయం చేసింది కనుక, ఆనాటి పిల్లలకు ఆ దృశ్యం ఎంతో ప్రియమైనది. అందులో పసి మప్పెట్లు పాడేది 1934లో ప్రచారంలోకి వచ్చిన "శాంటా క్లాజ్ ఈజ్ కమింగ్ టు టౌన్" అనే పాట. వీడియోలో పాటతోపాటు దృశ్యం కూడా పోయింది.

దీనికి కారణం అభ్యంతరకరమైన విషయమేదో ఉండడం కాదు. ఒక పాటను టెలివిజన్‌లో ప్రసారం చేయడానికి పొందే అనుమతి వేరు, దానిని టేపుగా అమ్మడానికి పొందవలసిన అనుమతి వేరు. రెండవదానికి పాట హక్కుదారులతో మళ్ళీ బేరం కుదరాలి, మళ్ళీ సొమ్ము చెల్లించాలి. ఈ కార్యక్రమంలో పాటలు, పాటల ముక్కలు డజనుకు పైగా ఉన్నాయి. వాటిలో "జింగిల్ బెల్స్" వంటి పందొమ్మిదవ శతాబ్దపు పాటలకు, అంతకంటే పాతవైన భక్తిగీతాలకు హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇరవయ్యవ శతాబ్దపు పాటలకు తీరలేదు. అమెరికా చట్టం ప్రకారం 1934 నాటి పాటకు రక్షణ 95 సంవత్సరాలు. కత్తెర పడింది ఇటువంటి కొత్త పాటలమీదనే. బ్రిటన్‌లో విడుదలైన ప్రతిలో అమెరికా ప్రతిలో లేని భాగాలు కొన్ని ఉండడంతో, దేశాన్ని బట్టి కార్యక్రమం రూపం మారింది.

బొమ్మల యాజమాన్యం ఇంకొక చిక్కు. 1987లో మూడు ధారావాహికల బొమ్మలనూ ఒకచోట చేర్చడానికి హెన్సన్ సరే అంటే చాలావరకు పని జరిగేది. 2000లో హెన్సన్ కంపెనీని జర్మనీకి చెందిన ఇ.ఎం.టీవీ సంస్థ కొనుగోలు చేసింది. అదే సంవత్సరం చివరలో "సెసమీ స్ట్రీట్" బొమ్మలు సెసమీ వర్క్‌షాప్ చేతికి వెళ్ళాయి. 2003లో హెన్సన్ కుటుంబం కంపెనీని తిరిగి కొనుక్కున్నా, 2004లో కెర్మిట్ బృందాన్ని డిస్నీ సంస్థకు విక్రయించింది. "ఫ్రాగుల్ రాక్" హెన్సన్ కంపెనీ వద్దనే ఉండిపోయింది. ఆ విధంగా ఒకనాడు ఒకే కప్పు కింద పండుగ చేసుకున్న బొమ్మలు మూడు సంస్థల ఆస్తులయ్యాయి. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ సేవ ప్రారంభమైనప్పుడు అందులో ఈ కార్యక్రమం లేదు.

టేపులు

1980ల చివరినాటికి అమెరికా ఇళ్ళలో వీసీఆర్ సర్వసాధారణమైంది. ప్రసార సమయానికి టేపు పెట్టి ముద్రించుకుని, ఏటేటా డిసెంబరులో దానినే వేసుకుని చూసిన కుటుంబాలు ఎన్నో. దుకాణంలో కొన్న ప్రతిని వేసుకుని, తమకు గుర్తున్న పాట రాకపోయేసరికి తమ జ్ఞాపకమే తప్పేమోనని అనుమానపడినవారికి ఈ ఇంటి టేపులే సాక్ష్యం. వీటినుండి నకళ్ళు తీసి ఒకరికొకరు పంపుకోవడం అభిమానులలో వాడుకగా మారింది. నకలుకు నకలు తీసినకొద్దీ బొమ్మ మసకబారుతుంది, శబ్దంలో గరగర పెరుగుతుంది. మధ్యలో 1987 నాటి వ్యాపార ప్రకటనలు కూడా ఉంటాయి. వాటిని తీసివేయవద్దని కోరే అభిమానులు కూడా లేకపోలేదు. 2005లో ప్రారంభమైన మప్పెట్ వికీ అనే విజ్ఞాన సర్వస్వంలో అభిమానులు ఏ ప్రతిలో ఏ భాగం లేదో వివరంగా నమోదు చేశారు. చట్టం దృష్టిలో ఈ నకళ్ళ స్థానం ఏదైనప్పటికీ, కార్యక్రమం పూర్తి రూపం ప్రజల ఎరుకలో నిలిచింది వాటివలననే.

చివరి దృశ్యం

ముగింపులో అందరూ కానుకలు పంచుకుని పాడుతుండగా కెమెరా వంటింటి వైపు తిరుగుతుంది. అక్కడ జిమ్ హెన్సన్ బొమ్మ ఏదీ లేకుండా స్వయంగా నిలబడి, లోపలి సందడిని చూస్తుంటాడు. వారు సంతోషంగా ఉండడం తనకు ఇష్టమని స్ప్రాకెట్‌తో చెప్పి, గిన్నెలు కడగడానికి సాయం రమ్మంటాడు. అంతకుమించి ఏమీ జరగదు.

ప్రసారమైననాడు ఇది ఒక చిన్న చమత్కారం మాత్రమే. 1990 మే 16న హెన్సన్ 53 ఏళ్ళ వయసులో న్యూయార్కులో హఠాత్తుగా మరణించాడు. అప్పటినుండి అభిమానులు ఈ దృశ్యాన్ని వీడ్కోలుగా చూడడం మొదలుపెట్టారు. కార్యక్రమం గురించి వ్రాసేవారు దీనిని ప్రస్తావించకుండా ముగించడం అరుదు. దీనిలో ఇంకొక విశేషం ఉంది. ఆ దృశ్యంలో స్ప్రాకెట్‌ను ఆడించిన స్టీవ్ విట్‌మైర్, హెన్సన్ మరణానంతరం 1990 నుండి 2016 వరకు కెర్మిట్ పాత్రను పోషించాడు. మప్పెట్ కళాకారుడు రిచర్డ్ హంట్ 1992లో, రచయిత జూల్ 2005లో, రాబిన్‌కు గొంతునిచ్చిన జెర్రీ నెల్సన్ 2012లో, డాక్ పాత్రధారి జెరార్డ్ పార్క్స్ 2014లో, బిగ్ బర్డ్‌ను ఆడించిన కారల్ స్పిన్నీ 2019లో కన్నుమూశారు.

ఇటువంటి ఇతర ఉదంతాలు

హెన్సన్ సంస్థ 1977లో నిర్మించిన "ఎమెట్ ఓటర్స్ జగ్-బ్యాండ్ క్రిస్మస్"లో కథ చెప్పేది కెర్మిట్. ఆ కప్ప డిస్నీ సొత్తు అయిన తరువాత వచ్చిన కొన్ని ప్రతులలో అతని భాగాన్ని తీసివేశారు. 1992లో సినిమాగా విడుదలైన "ద మప్పెట్ క్రిస్మస్ క్యారల్"లో బెల్ పాత్ర పాడే విషాదగీతం పిల్లలకు విసుగు కలిగిస్తుందని నిర్మాణ సంస్థ భావించడంతో థియేటరు ప్రతిలో దానిని తొలగించారు. అయితే మొదట వచ్చిన వీడియో టేపులో ఆ పాట ఉంది. టేపుతో పెరిగినవారు, తరువాతి ప్రతులలో పాట లేకపోవడాన్ని ఏళ్ళ తరబడి ప్రశ్నిస్తూ వచ్చారు. అసలు ఫిల్ము పోయిందనే అనుకున్నారు. 2020లో అది దొరికిందని దర్శకుడు బ్రయన్ హెన్సన్ ప్రకటించాడు. 2022 డిసెంబరులో, సినిమా వచ్చిన ముప్ఫయి ఏళ్ళకు, పాటతో కూడిన పూర్తి ప్రతిని డిస్నీ ప్లస్‌లో ఉంచారు.