రాయి ఎక్కడిదో చెప్పే చదువు

ప్రకాశం జిల్లా దొనకొండకు దగ్గర్లో, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం ఉంది. ఊరి పక్క కొండ మీద బౌద్ధ స్తూపం. 2005లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ ఒక న్యూయార్క్ డీలర్ దగ్గర దాదాపు 6 లక్షల డాలర్లు పోసి సున్నపురాతి ఫలకం ఒకటి కొంది. బుద్ధుణ్ని కొలుస్తున్న భక్తులు, క్రీ.శ. 3వ శతాబ్దపు ఆంధ్ర శిల్పం. తర్వాత ఆ ఫలకం చందవరంలో ఉండగా తీసిన పాత ఫొటో బయటపడింది. దాంతో 2016లో రాయి భారత్‌కు తిరిగొచ్చింది.

ఫొటోలోని రాయీ, కాన్‌బెర్రాలోని రాయీ ఒకటేనని తేల్చేది ఎవరు? అంచు ఎక్కడ విరిగిందో, చేతి వంపు ఎటు తిరిగిందో పట్టిపట్టి చూసేవాళ్లు. అలా చూడటం నేర్పే చదువే ఆర్ట్ హిస్టరీ.

పేరు వినగానే మనవాళ్లు బొమ్మలు వేయడం అనుకుంటారు. కుంచె పట్టడం రాకపోయినా ఫరవాలేదు. చూడటం రావాలి, చూసింది రాయడం రావాలి. క్లాసులో తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన వేసి, తేడా చెప్పమంటారు. మొదటి నెల అందరూ ‘బాగుంది’ అంటారు. ఆ మాట మానేసిన రోజే చదువు మొదలైనట్టు.

బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి ఫలకం ఒకటి ఉంది. రెండు వైపులా చెక్కుడే. ఒక వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ దండం పెడుతున్న జనం. బుద్ధుడు ఉన్నాడని చెప్పడానికి ఆ ఖాళీయే గుర్తు. ఇది క్రీ.పూ. 1వ శతాబ్దపు పని. సుమారు మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాత ఎవరో ఆ రాయిని తిరగేసి, వెనక వైపు సాక్షాత్తూ స్తూపాన్నే చెక్కారు. పాత బొమ్మను గోడకేసి ఎందుకు తిప్పారు? రాయికి కరవొచ్చిందా, భక్తుల అభిరుచి మారిందా, కొత్త దాత కొత్త పని చూపించమన్నాడా? ఒక్క రాయి మీదే సెమిస్టరంతా గడిపేయొచ్చు.

చదవాలంటే దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్లో పీజీ ఉంది. బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో డిగ్రీ నుంచే చెబుతారు. ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది. నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైన సంస్థ ఇప్పుడు నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌గా నడుస్తోంది. తుమ్మపూడి సంజీవదేవ్‌కు ఇలాంటి పట్టా ఏదీ లేదు. అయినా కళ గురించి తెలుగులో అంత బాగా రాసినవాళ్లు తక్కువ. కాకపోతే ఆయన్ని చూపించి మ్యూజియం ఉద్యోగం అడగలేం.

ఇక డబ్బు సంగతి. ఎం.ఎఫ్. హుసేన్ వేసిన ‘గ్రామ్ యాత్ర’ 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో 1.37 కోట్ల డాలర్లకు పోయింది, మన లెక్కలో 118 కోట్ల రూపాయలు. 1954లో ఢిల్లీలో ఒక డాక్టర్ కొన్న ఆ బొమ్మ ఆస్లోలోని ఆసుపత్రికి చేరి, దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయింది. అలాంటి బొమ్మ అసలుదేనా, ఎవరి చేతులు మారి వచ్చింది అని తేల్చి కేటలాగ్ రాసేది ఆర్ట్ హిస్టరీ చదివినవాళ్లే. 118 కోట్లలో వాళ్ల వాటా నెలజీతమే, అది వేరే మాట.

వేలం సంస్థలు కాక మ్యూజియాలు, ప్రైవేటు గ్యాలరీలు, ఫొటో ఆర్కైవులు, పుస్తక ప్రచురణ, కాలేజీల్లో పాఠాలు ఉన్నాయి. రసాయన శాస్త్రం కూడా వచ్చినవాళ్లకు చిత్రాలు, శిల్పాల పరిరక్షణ ఉంది. లక్నోలో దాని కోసం జాతీయ ప్రయోగశాలే ఉంది. ప్రభుత్వ మ్యూజియం పోస్టుకు మాత్రం నోటిఫికేషన్ కోసం కాచుకుని కూర్చోవాలి. చదువయ్యాక నాలుగేళ్లకే కారు కొనాలనుకునే పిల్లలకు ఈ దారి చెప్పను.

వచ్చేవాళ్లకు ఒక్కటే చెబుతాను: పట్టాతో పాటు ఒక పాత లిపో భాషో పట్టుకోండి. అమరావతి మీద పనిచేయాలంటే బ్రాహ్మి చదవగలగాలి. గోల్కొండ చిత్రాలైతే పారశీకం కావాలి. తెలుగునాట ఈ రెండూ తెలిసి, బొమ్మ కూడా చదవగలిగినవాళ్ల కోసం వెతుక్కోవాల్సిందే.