ఒంటి గిటారుపై పాటను కూర్చు విధము

మన పాఠశాల బాలబాలికలలో గిటారు నేర్చుకొనువారు ఏటేట హెచ్చుచున్నారు. వారిలో పెక్కుమంది ఎడమచేత కార్డులను పట్టి, కుడిచేత తంత్రులన్నిటిని ఒక్కసారిగా మీటుచు, ఇతరులు పాడుచుండగా తోడు వాయించుట నేర్చియున్నారు. ఇది మంచిదే. అయితే పాడువారు లేనప్పుడు ఆ వాద్యమునుండి పాట వినబడదు. పాటకు తోడుమాత్రమే వినబడును. పాట వరుసయు, దాని క్రింది మంద్రస్వరమును, నడుమ నుండు స్వరములును ఒక్క గిటారుపైననే వ్రేళ్లతో పలికించు పద్ధతి మఱియొకటి కలదు. ఒక చిన్న పాటను ఆ పద్ధతికి ఎట్లు కూర్చవలెనో ఈ వ్యాసమున వివరింప నెంచితిమి.

మొదట మా తప్పిదము నొకదానిని చెప్పుకొనుట న్యాయము. కొంతకాలము క్రిందట క్రిస్మసు ఆరాధనకై ‘శుద్ధరాత్రి’ పాటను మేము గిటారునకు కూర్చి, పై తరగతి విద్యార్థి యొకనికి నేర్పితిమి. అతడు ఒక చరణమును ఒంటిగా వాయింపగా, పిమ్మట చిన్న తరగతుల పిల్లలు పాట నందుకొనవలెనని యేర్పాటు. మాకు తెలిసిన విద్య యంతయు ఆ కూర్పులో చొప్పించితిమి. ప్రతి స్వరము క్రింద నొక కార్డును, ప్రతి విరామమున నొక స్వరాల పరుగును ఉంచితిమి. బాలుడు ఒక్క తప్పును లేకుండ వాయించెను. కాని అతడు ముగించిన పిమ్మట పిల్లలు నోరు మెదపక నిలుచుండిరి. ముందు నిలిచియున్న చిన్నది యొకతె మావైపు తిరిగి, “మాష్టారూ, మా పాట ఎప్పుడు వాయిస్తారండీ?” అని మెల్లగా అడిగెను. దగ్గర కూర్చున్నవారు నవ్విరి; బాలుడు తలవంచుకొనెను. తప్పు అతనిది కాదు, మాది.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయమున ఈ సంగతియే వాద్యముల దృష్టాంతముతో చెప్పబడియున్నది. పిల్లనగ్రోవియైనను వీణయైనను స్వరములను స్పష్టముగా వేఱుచేసి పలుకనిచో, వాయింపబడిన దేమో వినువారికి తెలియదని ఆయన భావము. గిటారునకు పాట కూర్చువాడు ఈ మాటను మఱువరాదు.

ఈ పాట పుట్టుకలోనే గిటారు కలదు. ఆస్ట్రియా దేశమున సాల్జ్‌బర్గు పట్టణమునకు సమీపమున ఒబర్న్‌డోర్ఫ్ అను ఊరు కలదు. 1818 డిసెంబరు 24వ తేదిని అచ్చటి సెయింట్ నికోలస్ దేవాలయమున ఈ పాట మొదటిసారి పాడబడెను. పదములు 1816లో వ్రాసినవాడు యోసెఫ్ మోర్ అను యువ గురువు; వరుస కట్టినవాడు ఫ్రాంజ్ గ్రూబర్. గ్రూబర్ పొరుగున నున్న ఆర్న్స్‌డోర్ఫ్ గ్రామమున బడిపంతులు. ఎలుకలు ఆర్గను తిత్తులను కొఱికివేయుటచేతనే ఆ రాత్రి గిటారు వాడిరని యొక కథ వ్యాపించియున్నది. కాని గ్రూబర్ తానే 1854లో వ్రాసి యిచ్చిన వృత్తాంతమున ఆ ప్రస్తావనయే లేదు. ఇద్దఱు గాయకులకును గిటారునకును తగిన వరుస కట్టుమని మోర్ కోరెననియే అందున్నది. మోర్ స్వహస్తముతో వ్రాసిన ప్రతి యొకటి 1995లో బయటపడినది. అందు పాట ‘డి’ శ్రుతిలో, గిటారు తోడుతో వ్రాయబడియున్నది.

ఇక కూర్చు విధమునకు వత్తము. మొదట చేయవలసినది గిటారు పట్టుట కాదు, పాడుట. పాటను నోట పాడి, దాని యత్యల్ప స్వరమును అత్యున్నత స్వరమును గుర్తింపవలెను. ఈ పాట శంకరాభరణ స్వరములలో నడచును. పంచమముతో ఆరంభమై, కడపటి పాదమునకు ముందు తారస్థాయి మధ్యమము నంటి, తుదకు మధ్యస్థాయి షడ్జమున దిగి విశ్రమించును. చిన్న పాటయే యైనను, షడ్జము మొదలు పై మధ్యమము వఱకు 11 స్వరముల విస్తీర్ణము దీనికి కలదు.

రెండవది శ్రుతి నెన్నుకొనుట. సగము కష్టము ఇచ్చటనే తీఱును, లేదా ఇచ్చటనే పుట్టును. గిటారు ఆఱు తంత్రులలో మిగుల సన్ననిది మొదటిది, మిగుల లావైనది ఆఱవది. మోర్ ప్రతిలోని ‘డి’ శ్రుతిలోనే వరుసను వాయింపబూనినచో, పై మధ్యమమునకై మొదటి తంత్రిపై 15వ మెట్టు వఱకు ప్రాకవలసివచ్చును. అది దండి దాటి పెట్టెపైకి పోవుటయే. పోనీ యని యొక స్థాయి దించినచో, కడపటి షడ్జము నాలుగవ తంత్రిపై పడి, బొటనవ్రేలు వాయించు మంద్రస్వరములలో కలిసిపోవును. ‘జి’ శ్రుతిలో వరుస చక్కగా అమరును గాని, కావలసిన మూడు మంద్రస్వరములలో రెంటిని ఎడమచేతితో నొక్కి పట్టవలెను.

‘ఎ’ శ్రుతిలో నైతే ఆరంభ పంచమము మొదటి తంత్రిని నొక్కకయే పలుకును. కడపటి షడ్జము మూడవ తంత్రి 2వ మెట్టున నుండును. పై మధ్యమము మొదటి తంత్రి 10వ మెట్టునకు మించదు. అంతకంటె గొప్ప లాభ మింకొకటి కలదు. ఈ పాటకు కావలసిన కార్డులు మూడే: ‘ఎ’, ‘డి’, ‘ఇ’. వాటి మూలస్వరములు వరుసగా ఐదవ, నాలుగవ, ఆఱవ తంత్రులను నొక్కకుండ మీటినంతనే పలుకును. కనుక ఎడమచేయి పూర్తిగా వరుసకే మిగులును. హార్మోనియముతో కలిసి అరస్వరము పైకి పాడవలసినప్పుడు మొదటి మెట్టున కాపో బిగించిన చాలును. వ్రేళ్ల నడక మాఱదు.

మూడవది మంద్రస్వరములను పంచుట. పాటను 6/8 కొలతలో వ్రాసినచో 12 ఆవర్తములు వచ్చును. మొదటి రెంటికి ‘ఎ’, 3వ దానికి ‘ఇ’, 4వ దానికి ‘ఎ’. 5వ దానికి ‘డి’, 6వ దానికి ‘ఎ’. 7, 8 ఆవర్తములకు మఱల అదే విధము. 9వ దానికి ‘ఇ’, 10వ దానికి ‘ఎ’. 11వ దానిలో మొదటి సగమునకు ‘ఎ’, రెండవ సగమునకు ‘ఇ’. 12వది ‘ఎ’తో ముగియును. ఆవర్తమునకు రెండుసార్లు, అనగా మొదటి లెక్కకును నాలుగవ లెక్కకును, బొటనవ్రేలు ఆ తంత్రిని మీటవలెను. ఊయల ఊగినట్టి నడక అంతతోనే వచ్చును.

ఇంతవఱకు వరుసయు మంద్రస్వరమును మాత్రమే కలవు. విద్యార్థి ఒక వారము దినములు దీనినే వాయింపవలెను. ఇది బీదకూర్పు అని తలంపవద్దు. ఇది లోపము లేక నిలిచినప్పుడే మిగిలినది చేర్చుటకు తావు.

నాలుగవది నడిమి స్వరములు. వరుస కదలుచున్నప్పుడు ఏమియు చేర్పరాదు; వరుస యొక స్వరముపై ఆగినప్పుడు మాత్రమే లోపలి తంత్రులను ఒకటి రెండు మీటవలెను. ఇచ్చట నొక హెచ్చరిక. మూడవ తంత్రిని నొక్కక మీటిన వచ్చు ‘జి’ స్వరము ‘ఎ’ శ్రుతికి పొసగదు. ‘ఎ’, ‘డి’ కార్డులకు దానిని 2వ మెట్టునను, ‘ఇ’ కార్డునకు 1వ మెట్టునను నొక్కవలెను. ఎడమచేయి పై మెట్లకు పోయినప్పుడు అట్లు నొక్కుట సాధ్యము గాదు. అప్పుడు మూడవ తంత్రిని విడిచిపెట్టుటయే మేలు. 9వ ఆవర్తమున వరుస 10వ మెట్టున కెక్కునప్పుడు, క్రింద ఆఱవ తంత్రి యొక్కటి మ్రోగుచుండిన చాలును. పాట శిఖరమున రెండే స్వరములు వినబడుట లోటుగా తోచదు. చుట్టు నిశ్శబ్దముండుటచేత ఆ పై స్వరము మఱింత వెలుగును.

కుడిచేతి నియమము సులభము. 6, 5, 4 తంత్రులు బొటనవ్రేలివి, 3వది చూపుడువ్రేలిది, 2వది నడిమివ్రేలిది, 1వది ఉంగరపువ్రేలిది. వరుసను పలికించు వ్రేలు తక్కినవానికంటె గట్టిగా మీటవలెను. ఆ కాలమున వియన్నాలో నివసించిన మౌరో జూలియాని అను విద్వాంసుడు కుడిచేతికై 120 అభ్యాసములను వ్రాసెను. ఎడమచేతికి వానిలో రెండు కార్డులకంటె పని లేదు. కుడిచేతికి ఎంత శ్రద్ధ కావలెనో దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

మన సంఘములలో పాడు రాగతాళ యుక్తములైన కీర్తనలకు ఈ కార్డుల మార్పు పొసగదు. వానికి తంబురావలె షడ్జ పంచమములు మాత్రమే క్రింద మ్రోగుచుండవలెను. ‘ఎ’ శ్రుతిలో ఐదవ తంత్రి షడ్జమును, ఆఱవ తంత్రి మంద్ర పంచమమును ఇచ్చును గనుక అదియు సులభమే. గమకమున్న చోట వ్రేలిని మెట్టునుండి మెట్టునకు జార్చి, నోట పాడినట్లు పలికింపవలెను.

తుదకు పరీక్ష యొకటి. పాట తెలిసిన చిన్న బిడ్డను దగ్గర కూర్చుండబెట్టి, పేరు చెప్పక వాయించి చూడుడు. రెండవ పాదము చేరునప్పటికి ఆ బిడ్డ కూనిరాగము తీయనిచో, కూర్పులో ఏదో అధికమై యున్నది. దానిని వెదకి తీసివేయుడు.

మేమును అట్లే చేసితిమి. ఆ క్రిస్మసు పిమ్మట మా విద్యార్థియు మేమును కూర్చుండి, వ్రాసిన కాగితముపై ఎఱ్ఱసిరాతో స్వరములను కొట్టివేయ మొదలిడితిమి. ఏది తీయవలెనో మాకంటె అతనికే బాగుగా తెలిసెను. డిసెంబరు 31వ తేది రాత్రి ఆరాధనలో అతడు వరుసను మంద్రస్వరమును మాత్రము వాయించెను. చరణము ముగియువఱకు ఆగుమని మేము పిల్లలకు చెప్పియుంటిమి, వారు ఆగలేదు. రెండవ పాదముననే పాట నందుకొనిరి. బాలుడు తలయెత్తి మావైపు చూచి చిరునవ్వు నవ్వి, మఱి కొంచెము మెల్లగా వాయించెను.

సెలవులకు ఇండ్లకు పోవు విద్యార్థులారా! హార్మోనియము వాయించువారు లేని ప్రార్థనామందిరములు మీ గ్రామములలో ఉండవచ్చును. ఒక్క గిటారుతో ఒక్క పాటను, వినువారు గుర్తుపట్టి కలిసి పాడునట్లు వాయింపగలిగిన యెడల, మీరు నేర్చిన విద్య మీ సంఘమునకు ఉపయోగపడినట్లే.