ల్యాప్‌టాప్ హార్డువేరు అనుకూలత

హార్డువేరు అనుకూలత అనగా ఒక కంప్యూటరులోని భాగాలన్నిటినీ అందులో స్థాపించిన ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తించి, సక్రమంగా పనిచేయించగలగడం. కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు, ముఖ్యంగా ఫ్రీడాస్‌తో కొంత తక్కువ ధరకు అమ్మే యంత్రాన్ని కొని అందులో లినక్స్ గాని, వేరుగా కొన్న విండోస్ గాని స్థాపించదలచినప్పుడు, ఈ విషయాన్ని ముందుగానే పరీక్షించవలసి ఉంటుంది. డెస్క్‌టాప్‌లో పనిచేయని కార్డును తీసి మరొకటి అమర్చవచ్చు. ల్యాప్‌టాప్‌లో ధ్వని చిప్పు, గ్రాఫిక్స్, అనేక నమూనాలలో వైఫై సైతం మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. కొన్న తరువాత బయటపడిన లోపానికి విరుగుడు తక్కువ.

డ్రైవర్లు

ఆపరేటింగ్ సిస్టమ్‌కు, పరికరానికి మధ్య దుబాసీ వలె పనిచేసే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. విండోస్ డ్రైవర్లను ఎక్కువగా తయారీదారులే రూపొందించి తమ వెబ్‌సైట్లలో ఉంచుతారు. లినక్స్‌లో అధికభాగం డ్రైవర్లు కెర్నెల్‌లో అంతర్భాగంగానే వస్తాయి. కాబట్టి లినక్స్ విషయంలో డ్రైవరు ఉన్నదా అని మాత్రమే కాక, ఏ కెర్నెల్ నుండి ఉన్నదో కూడా చూడాలి. ఉదాహరణకు ఇంటెల్ ఏఎక్స్210 వైఫై కార్డుకు 5.10 గాని, అంతకంటె కొత్తది గాని అయిన కెర్నెల్ కావాలి. 2020 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 20.04 తొలి కూర్పులో ఉన్నది 5.4 కెర్నెల్. ఆ కార్డు గల ల్యాప్‌టాప్‌లో ఆ కూర్పును స్థాపిస్తే వైఫై కనిపించేది కాదు. కార్డులో దోషమేమీ లేదు, కెర్నెల్ పాతది. 5.11 కెర్నెల్‌తో 2021 ఆగస్టులో వచ్చిన 20.04.3 కూర్పుతో ఈ చిక్కు తీరింది. ఇటువంటి స్థితిలో కొత్త కెర్నెల్‌ను దించుకొనడానికి ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి దాని ఇంటర్నెట్‌ను వాడుకోవచ్చు.

గుర్తింపు సంఖ్యలు

ల్యాప్‌టాప్ నమూనా పేరును బట్టి అనుకూలతను నిర్ణయించడం సరికాదు. ఒకే పేరుతో అమ్మే యంత్రాలలో వేర్వేరు విడతలలో వేర్వేరు కంపెనీల వైఫై కార్డులు ఉండవచ్చు. పెట్టెపై "వైఫై 6" అని ఉన్నంత మాత్రాన లోపలి చిప్పు ఎవరిదో తెలియదు. నిజమైన ఆధారం పరికరపు గుర్తింపు సంఖ్య. పీసీఐ, యూఎస్‌బీ పరికరాలు ప్రతిదానికీ తయారీదారును తెలిపే సంఖ్య ఒకటి, పరికరాన్ని తెలిపే సంఖ్య ఒకటి ఉంటాయి. పీసీఐలో ఇంటెల్ సంఖ్య 8086. ఆ కంపెనీ 1978లో విడుదల చేసిన ప్రసిద్ధ ప్రాసెసరు పేరు కూడా ఇదే. విండోస్‌లో డివైస్ మేనేజరులో పరికరపు ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్ విభాగంలో హార్డువేర్ ఐడీస్ ఎంచుకుంటే ఈ సంఖ్యలు కనిపిస్తాయి. లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశాలు ఉన్నాయి. ఈ సంఖ్యతో వెదికితే డ్రైవరు సంగతి తేలిపోతుంది.

విండోస్ అర్హతలు

తయారీదారు అతికించే ముద్రను పూర్తిగా నమ్మరాదని విస్టా ఉదంతం చూపింది. 2006లో "విస్టా కేపబుల్" ముద్రతో అమ్మిన కంప్యూటర్లలో కొన్ని ఆ సిస్టమ్‌లోని ప్రాథమిక కూర్పును మాత్రమే నడపగలిగాయి. 2007లో అమెరికాలో మైక్రోసాఫ్ట్‌పై దావా దాఖలైంది. 2008లో దానికి లభించిన సామూహిక దావా హోదాను న్యాయస్థానం 2009లో తొలగించింది.

2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, సెక్యూర్ బూట్ సామర్థ్యం, టీపీఎం 2.0 భద్రతా చిప్పు, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసరు కనీస అర్హతలు. ర్యామ్ పెంచవచ్చు గాని ప్రాసెసరును మార్చలేరు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినందున, పాత ల్యాప్‌టాప్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనే విద్యార్థులకు ఈ జాబితా మరీ ముఖ్యం. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాము ఈ అర్హతలను పరీక్షిస్తుంది.

ఆర్మ్ ప్రాసెసర్లు

2024 జూన్ నుండి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్లతో విండోస్ ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. ఇంటెల్ ప్రాసెసర్ల కోసం తయారైన ప్రోగ్రాములను ఇవి అనుకరణ ద్వారా నడుపుతాయి. డ్రైవర్లకు మాత్రం ఈ సదుపాయం లేదు. ఇంట్లోని పాత ప్రింటరుకు ఆర్మ్ డ్రైవరు లేకపోతే అది పనిచేయకపోవచ్చు.

ప్రత్యక్ష పరీక్ష

లినక్స్ పంపిణీలు పెక్కింటిని డిస్కుపై స్థాపించకుండానే పెన్‌డ్రైవు నుండి నడపవచ్చు. ఇంతకు మించిన పరీక్ష లేదు. వైఫై, ధ్వని, మైకు, కెమెరా, వెలుతురు మీటలు, బయటి తెర చూసి ఊరుకోక, మూత మూసి కొంతసేపటికి తెరచి చూడాలి. నిద్ర నుండి మేల్కొనకపోవడం, నిద్రలోనే బ్యాటరీ ఖర్చు కావడం సాధారణంగా కొన్న తరువాతే తెలుస్తాయి. వేలిముద్ర సాధనాలలో చాలావాటికి లినక్స్ డ్రైవర్లు లేవు.

11వ తరం మొదలుకొని కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో విండోస్ స్థాపించేటప్పుడు డిస్కే కనిపించదు. ఇంటెల్ వీఎండీ డ్రైవరును ముందుగా పెన్‌డ్రైవులో ఉంచుకుని, అక్కడ చేర్చవలసి ఉంటుంది. విండోస్ 11తో వచ్చిన యంత్రంలో సెక్యూర్ బూట్ అమరికను మార్చితే బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. ఆ కీని మైక్రోసాఫ్ట్ ఖాతా నుండి ముందే వ్రాసి ఉంచుకొననివారికి డిస్కులోని సమాచారం చేజారే ప్రమాదం ఉంది.