నైకీ పెగాసస్ 41, అసిక్స్ నోవాబ్లాస్ట్ 5: మీ కాళ్లకి ఏది సెట్ అవుతుంది?

ఫోన్ కొనేముందు ప్రాసెసర్ నుంచి రిఫ్రెష్ రేట్ దాకా పది వీడియోలు చూస్తాం. రన్నింగ్ షూస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలర్ నచ్చితే చాలు, బిల్ వేయించేస్తాం. ఫోన్ నచ్చకపోతే అమ్మేసి ఇంకోటి కొనుక్కోవచ్చు, మోకాలికి ఆ ఆప్షన్ లేదు కదా! రోజంతా కుర్చీలో కూర్చుని, ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ 10కే కోసం సడన్‌గా రోడ్డెక్కే ఐటీ బ్యాచ్‌కి ఇది మరీ ముఖ్యం.

ముందుగా ఒక మాట. ఈ రెండూ న్యూట్రల్ షూస్. అంటే పాదం లోపలి వైపుకి ఎక్కువగా ఒరిగిపోకుండా ఆపే ప్రత్యేకమైన సపోర్ట్ వీటిలో ఉండదు. మీ పాత షూస్ అడుగుభాగం లోపలి అంచులో బాగా అరిగిపోయి, నొప్పి కూడా ఉంటే, ముందు ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి. షాపింగ్ ఆ తర్వాత.

స్పెసిఫికేషన్స్ ఏంటి?

పెగాసస్ సిరీస్ 1983 నుంచి వస్తోంది. 41లో రియాక్ట్ఎక్స్ ఫోమ్‌తో పాటు ముందు ఒకటి, మడమ కింద ఒకటి ఎయిర్ జూమ్ యూనిట్లు ఉన్నాయి. డ్రాప్, అంటే మడమకీ ముందు భాగానికీ ఎత్తులో తేడా, 10 మి.మీ. బరువు సుమారు 280-300 గ్రాములు.

నోవాబ్లాస్ట్ 5లో ఎఫ్ఎఫ్ బ్లాస్ట్ మ్యాక్స్ ఫోమ్ ఉంది. మడమ కింద ఎత్తు 41.5 మి.మీ., డ్రాప్ 8 మి.మీ. బరువు 255 గ్రాముల దగ్గర. సైజుని బట్టి ఇవి కాస్త మారతాయి.

వాడితే తేడా ఎలా ఉంటుంది?

నోవాబ్లాస్ట్ మెత్తగా, కొంచెం ట్రాంపోలిన్ మీద ఉన్నట్టు పైకి తోస్తుంది. సిమెంట్ రోడ్డు మీద గంటసేపు పరిగెత్తేవాళ్లకి ఇది హాయిగా ఉంటుంది. కాకపోతే ఎత్తు ఎక్కువ కాబట్టి గుంతల రోడ్డు మీద, షార్ప్ మలుపుల్లో కొందరికి కాలు కుదురుగా అనిపించదు.

పెగాసస్ అంత మెత్తన కాదు, కాస్త గట్టిగానే ఉంటుంది. కానీ నిలకడ ఎక్కువ. పొద్దున పరుగు, సాయంత్రం జిమ్, మధ్యలో నడక, అన్నిటికీ ఒకే జత కావాలంటే ఇదే సేఫ్.

డ్రాప్‌ని కూడా చిన్నచూపు చూడొద్దు. డ్రాప్ తగ్గేకొద్దీ పిక్క, మడమ వెనక నరం మీద పని పెరుగుతుంది. పెరిగేకొద్దీ ఆ భారం కొంత మోకాలి వైపుకి జరుగుతుంది. ఇక్కడ తేడా 2 మి.మీ.నే అయినా, పిక్కలు తరచూ పట్టేసేవాళ్లు మొదట పెగాసస్ వేసి చూడటం మంచిది.

షాపులో ఏం చేయాలి?

సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. పరుగుకి వాడే సాక్స్‌తోనే వేసుకోండి. నిలబడినప్పుడు ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. పాదం వెడల్పుగా ఉంటే వైడ్ మోడల్ అడగండి. రెండింటిలోనూ ఉన్నాయి, కానీ ప్రతి షాపులో దొరకవు.

డబ్బుల లెక్క

రన్నింగ్ షూస్ సాధారణంగా 500-800 కి.మీ. వస్తాయి. జత రూ.12,000 అనుకుని, 600 కి.మీ. తిరిగితే కిలోమీటరుకి రూ.20. వారానికి 20 కి.మీ. పరిగెత్తేవాళ్లకి దాదాపు ఏడు నెలలు. ఇంకా అలవాటు పడనివాళ్లు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాతదాని మీద పెట్టే డిస్కౌంట్ కోసం ఆగొచ్చు, నష్టమేమీ లేదు.

మా తీర్పు

వారానికి మూడు నాలుగు రోజులు కేవలం రోడ్డు మీద పరుగే మీ పని అయితే నోవాబ్లాస్ట్ 5. అన్నిటికీ ఒకే జత, కాలికి కుదురు కావాలనుకుంటే పెగాసస్ 41. ఏది కొన్నా మొదటి వారమే 10 కి.మీ. కొట్టేయకండి. కుషన్ దెబ్బని తగ్గిస్తుందేమో గానీ తొందరపాటుని ఆపలేదు.