అమెరికాలో స్కూల్ బోర్డుకి పోటీ: ఎవరు నిలబడొచ్చు, ఎవరిని ఓటడగాలి, ఏం చెప్పాలి

ఈ ఎపిసోడ్‌లో స్కూల్ బోర్డు ఎన్నిక గురించి మాట్లాడుకుందాం. నేను టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరం వైపు ఉన్న ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ట్రస్టీ సీటుకి పోటీ చేశాను. డిస్ట్రిక్ట్ పేరు చెప్పను. అక్కడ ఒక గొడవ ఇంకా తేలలేదు, పైగా ఇది ఏ ఊళ్లో అయినా జరిగేదే.

ముందు అసలు బోర్డంటే ఏంటో చెప్తాను. టెక్సాస్‌లో బడులు నడిపేది సిటీ కాదు, కౌంటీ కాదు. స్కూల్ డిస్ట్రిక్ట్ అని విడిగా ఒక ప్రభుత్వం ఉంటుంది. దాని హద్దులు వేరు, దాని పన్ను వేరు. మన ఇంటి ప్రాపర్టీ టాక్స్ బిల్లులో అన్నిటికంటే పెద్ద గీత సాధారణంగా దానిదే. ఆ డిస్ట్రిక్ట్‌కి పైన కూర్చునేది బోర్డు. ఎక్కువ చోట్ల ఏడుగురు సభ్యులు. కొన్ని డిస్ట్రిక్ట్‌లలో మూడేళ్ల పదవి, కొన్నిట్లో నాలుగేళ్లు. జీతం లేదు. ఒక్క డాలర్ కూడా ఇవ్వరు, చట్టమే అలా ఉంది. "మరి ఎందుకు తల్లీ ఈ తిప్పలు?" అని మా అత్తగారు అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

బోర్డు చేసే పనులు తక్కువే గానీ బరువైనవి. సూపరింటెండెంట్‌ని పెట్టుకోవడం, అవసరమైతే పంపించేయడం. బడ్జెట్ ఆమోదించడం. పన్ను రేటు నిర్ణయించడం. కొత్త బడి కట్టాలంటే బాండ్ కోసం జనం దగ్గర ఓటింగ్ పెట్టడం. ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో గీత గీయడం. ఏ బడి మూసేయాలో తేల్చడం కూడా వాళ్ల పనే.

బోర్డు చేయలేనివి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే గుమ్మం దగ్గర సగం మంది అవే అడుగుతారు. సిలబస్‌కి ప్రమాణాలు రాష్ట్రం పెడుతుంది. ఒక్క ట్రస్టీ ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి "ఫలానా టీచర్‌ని మార్చండి" అనలేరు. విడిగా ఒక్కో సభ్యుడికి అధికారం సున్నా. ఏడుగురూ మీటింగ్‌లో కూర్చుని ఓటేస్తేనే అది బోర్డు మాట. ఇంకో తమాషా ఏంటంటే, ఏడుగురిలో నలుగురు వాట్సాప్ గ్రూపులో చేరి స్కూల్ విషయం చర్చించుకున్నారనుకోండి, అది కూడా మీటింగ్ కిందే లెక్క. ముందుగా అజెండా పెట్టి, తలుపులు తెరిచి చేయాల్సిన మీటింగ్‌ని దొంగచాటుగా చేసినట్టు. ఓపెన్ మీటింగ్స్ చట్టం ఒప్పుకోదు. మన ఫ్యామిలీ గ్రూపులకి కూడా ఇలాంటి చట్టం ఒకటుంటే బాగుండు.

ఇక పోటీకి ఏం కావాలి? అమెరికా పౌరసత్వం, 18 ఏళ్లు, టెక్సాస్‌లో 12 నెలల నివాసం, ఆ డిస్ట్రిక్ట్ హద్దుల్లో 6 నెలల నివాసం, ఓటరుగా నమోదు. డిగ్రీ అక్కర్లేదు. పిల్లలు అదే బడిలో చదవాలని లేదు. అసలు పిల్లలే ఉండక్కర్లేదు. పార్టీ గుర్తు బ్యాలెట్ మీద ఉండదు. మే నెలలో ఎన్నిక పెట్టే డిస్ట్రిక్ట్‌లలో జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా దరఖాస్తులు తీసుకుంటారు. ఫీజు లేదు. నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. బ్యాలెట్ మీద ఎవరి పేరు పైన రావాలో లాటరీ తీస్తారు. నా పేరు కింద వచ్చింది. అక్షరక్రమంలో పెట్టినా నా ఇంటిపేరుకి అదే గతి పట్టేది లెండి.

డబ్బు సంగతి జాగ్రత్తగా వినండి. మన వాళ్లు మంచి మనసుతో తప్పు చేసే చోటు ఇదే.

ఒక్క డాలర్ తీసుకోవాలన్నా, ఒక్క డాలర్ ఖర్చు పెట్టాలన్నా ముందు క్యాంపెయిన్ ట్రెజరర్ ఎవరో కాగితం మీద రాసి ఇవ్వాలి. ఎవరూ దొరక్కపోతే మన పేరే రాసుకోవచ్చు. తర్వాత ఎవరు ఎంతిచ్చారో, దేనికి ఖర్చయిందో రిపోర్టులు ఇవ్వాలి. మామూలుగా ఎన్నికకి 30 రోజుల ముందు ఒకటి, 8 రోజుల ముందు ఒకటి. నగదు రూపంలో ఒక మనిషి దగ్గర ఒక రిపోర్టు కాలంలో 100 డాలర్లకి మించి తీసుకోకూడదు. కార్పొరేషన్ చెక్కు అసలే తీసుకోకూడదు. నాకు తెలిసిన ఒక అన్నయ్య ఉన్నారు, కన్సల్టెన్సీ నడుపుతారు. ప్రేమగా కంపెనీ చెక్కు రాసి తెచ్చారు. "అన్నయ్యా, ఇది తీసుకుంటే ఇద్దరం ఇరుక్కుంటాం, కావాలంటే మీ సొంత అకౌంట్ నుంచి ఇవ్వండి" అని వెనక్కిచ్చాను. ముందు కాస్త నొచ్చుకున్నారు, తర్వాత అర్థం చేసుకున్నారు.

దీనికంటే ముఖ్యమైంది వీసా. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు, ఎఫ్-1 మీద చదువుకునేవాళ్లు ఏ ఎన్నికకీ, స్కూల్ బోర్డుకి కూడా, ఒక్క డాలర్ ఇవ్వకూడదు. అది ఫెడరల్ చట్టం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు, కానీ ఓటు వేయలేరు. వీసా మీద ఉన్నవాళ్లు జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా సాయం చేయొచ్చు. కరపత్రాలు మడతపెట్టొచ్చు, నాతో పాటు వీధి తిరగొచ్చు. క్యాంపెయిన్ డబ్బు, వ్యూహం మీద నిర్ణయాల్లో మాత్రం చేయి పెట్టకూడదు.

ఇప్పుడు లెక్క వేసుకోండి. నా ఫోన్‌లో తెలుగు వాట్సాప్ గ్రూపులు పదకొండు ఉన్నాయి. బతుకమ్మ గ్రూపు, కమ్యూనిటీ క్రికెట్ గ్రూపు, కార్‌పూల్ గ్రూపు, మామిడిపళ్ల ఆర్డర్ గ్రూపు. నేను నిలబడ్డానని తెలియగానే అన్నిట్లో చప్పట్లు, దండాలు. కానీ ఆ గ్రూపుల్లో ఓటున్నవాళ్లు ఎంతమందో కూర్చుని గుర్తుపెట్టుకుంటూ పోతే మనసు చల్లబడింది. ఇళ్లు కొన్నారు, పన్ను కడుతున్నారు, పిల్లలు అదే బడిలో ఉన్నారు, పీటీఏలో అందరికంటే ఎక్కువ పని చేస్తారు. ఓటు మాత్రం లేదు. గ్రీన్ కార్డ్ క్యూ ఎంత పొడుగో మీకు చెప్పక్కర్లేదు. వచ్చాక కూడా పౌరసత్వానికి మామూలుగా ఇంకో ఐదేళ్లు.

కాబట్టి "తెలుగు కాండిడేట్" అని నిలబడితే గెలవలేం, అది ఒకటి. అలా నిలబడటం నాకు ఇష్టం కూడా లేదు. మా అసోసియేషన్ స్టేజి మీద మాట్లాడమని పిలిచారు. పన్ను మినహాయింపు ఉన్న అలాంటి సంస్థలు ఒక అభ్యర్థికి మద్దతు ప్రకటించకూడదు. వెళ్లి ఓటరు నమోదు గురించి మాత్రం మాట్లాడి వచ్చాను.

అసలు గొడవకి వస్తాను. మా డిస్ట్రిక్ట్‌లో పాత కాలనీ ఒకటి ఉంది. చిన్న ఇళ్లు, పెద్ద చెట్లు. అక్కడి ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలు ఏటా తగ్గుతున్నారు. దాన్ని మూసేసి పక్క బడిలో కలపాలన్నది ప్రతిపాదన. ఇది మా ఒక్కరి కథ కాదు. ప్లేనోలో 2024 జూన్‌లో బోర్డు రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్ స్కూళ్లు మూసేయాలని తీర్మానించింది. రిచర్డ్‌సన్‌లో కూడా కొన్ని మూతపడ్డాయి. ఇళ్ల ధరలు పెరిగి చిన్నపిల్లలున్న కుటుంబాలు ఇంకా ఉత్తరానికి పోతున్నాయి, పుట్టే పిల్లలూ తగ్గారు.

ఇందులో డబ్బు ముడి ఎక్కడుందంటే, రాష్ట్రం బడులకి ఇచ్చే లెక్క హాజరు మీద నడుస్తుంది. పేరు రాసుకున్న పిల్లలందరికీ కాదు, రోజూ వచ్చిన సగటు పిల్లలకి. ఒక్కో విద్యార్థికి మూల మొత్తం 2019లో 6,160 డాలర్లు అని పెట్టారు. 2025 దాకా అది కదల్లేదు. ఆ ఏడాది 55 డాలర్లు పెంచారు. మధ్యలో ధరలు ఎంత పెరిగాయో కోడిగుడ్ల డబ్బా కొన్న ఎవరికైనా తెలుసు. పైగా ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్ట్‌లు వసూలైన పన్నులో కొంత రాష్ట్రానికి వెనక్కి కట్టాలి. 1993 నుంచి ఉన్న పద్ధతి ఇది, జనం రాబిన్ హుడ్ అంటారు. ప్లేనో లాంటి చోట్ల అది చాలా పెద్ద మొత్తం. కాబట్టి సగం ఖాళీగా ఉన్న బడిని నడపడం కష్టం అని డిస్ట్రిక్ట్ చెప్పినప్పుడు అందులో అబద్ధం లేదు.

అందుకే నేను "బడి మూయనివ్వను" అని చెప్పలేదు. చెప్తే ఓట్లు వచ్చేవేమో. నేను పట్టుకున్నది బస్సు. టెక్సాస్‌లో బడికి రెండు మైళ్లు, ఆపైన దూరం ఉన్న పిల్లలకే మామూలుగా రాష్ట్రం బస్సు డబ్బు ఇస్తుంది. అంతకంటే దగ్గరైతే దారి ప్రమాదకరం అని బోర్డు గుర్తించాలి. ఆ పాత కాలనీ నుంచి కొత్త బడికి రెండు మైళ్లకి కాస్త తక్కువ. మధ్యలో ఆరు లేన్ల రోడ్డు. అక్కడి తల్లులు చాలామంది పొద్దున ఆరింటికే పనికి వెళ్లిపోతారు. కారు ఒకటే, అది కూడా భర్త తీసుకెళ్తాడు. ఇప్పుడు ఆ పిల్లలు చేతులు పట్టుకుని నడిచి బడికి పోతున్నారు. రేపు ఆ ఆరేళ్ల పిల్ల ఆ రోడ్డెలా దాటుతుంది?

మా సబ్‌డివిజన్ గ్రూపులో ఈ మాట పెడితే ఒకాయన రాశారు: "మన బడి కాదుగా అండీ, మనకెందుకు? మన ఇంటి విలువ పడకుండా చూడండి చాలు." కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆయన భయం కూడా నిజమే, ఇంటి మీద అప్పు ఉంది, వీసా మీద ఉద్యోగం ఉంది. ఫోన్ చేసి మాట్లాడాను. "అన్నా, మన బడిలో కూడా కిండర్‌గార్టెన్ సెక్షన్లు తగ్గుతున్నాయి. ఇంకో పదేళ్లకి గీత మన వీధి మీదకి వస్తే, అప్పుడు మన తరఫున అడిగేవాళ్లు ఎవరు?" అన్నాను. ఆయనకి ఓటు లేదు. కానీ ఆ శనివారం వచ్చి నాతో పాటు పాత కాలనీలో తలుపులు తట్టారు.

తలుపులు తట్టడం గురించి ఒక్క మాట. మే ఎన్నికలకి చాలా చోట్ల పదో వంతు ఓటర్లు కూడా రారు. ఎప్పుడూ వచ్చేవాళ్లు ఎక్కువగా పెద్దవాళ్లే. వాళ్ల పిల్లలు ఎప్పుడో చదువులు అయిపోయి వెళ్లిపోయారు. ఒక పెద్దావిడ వరండాలో కూర్చోబెట్టి "నా పన్ను పెరుగుతుందా?" అని సూటిగా అడిగింది. 65 దాటినవాళ్లు ఉండే సొంతింటికి స్కూల్ పన్ను అక్కడికి ఆగిపోతుంది, ఇంటికి కొత్త గది వేస్తే తప్ప పెరగదు. అది చెప్పాను. ఆవిడకి తెలుసంట, నాకు తెలుసో లేదో చూసింది! ఆ తర్వాత గంటసేపు ఆ బడి కట్టినప్పటి కబుర్లు చెప్పింది. స్పానిష్ మాట్లాడే ఇళ్లకి మా అబ్బాయి స్నేహితురాలు వచ్చింది, పదహారేళ్ల పిల్ల. వాళ్ల అమ్మే ఆ ఆరింటికి పనికి వెళ్లే తల్లుల్లో ఒకరు.

ఫలితం చెప్పలేదు కదా. ఓడిపోయాను. గెలిచినాయన మొదటి నుంచీ బోర్డులో ఉన్నవారు, మర్యాదస్తులు, ఆ రాత్రే ఫోన్ చేశారు. బడి మూయాలన్న తీర్మానం పాసైంది. బస్సు విషయం మాత్రం అజెండాలోకి వచ్చింది, ఇంకా తేలలేదు. అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా బోర్డు నిర్ణయానికి ముందే జనం మాట్లాడొచ్చని టెక్సాస్ చట్టం. అక్కడ పౌరసత్వం అడగరు. హెచ్-1బి అయినా, గ్రీన్ కార్డ్ అయినా మైకు దగ్గరికి వెళ్లొచ్చు. మా దగ్గర మనిషికి మూడు నిమిషాలు. పోయిన మీటింగ్‌లో "మనకెందుకు" అన్న ఆ అన్న మాట్లాడారు. చేతులు వణికాయి, కాగితం చూసి చదివారు, రెండు నిమిషాల్లో ముగించారు.

ఇండియా నుంచి చూస్తున్నవాళ్లకి: మీ ఊరి ప్రభుత్వ బడిలో కూడా ఇలాంటిది ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. పన్ను వేసే అధికారం లేదు గానీ, బడికొచ్చే నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూసే హక్కు ఉంది. మీ అక్కో వదినో అందులో సభ్యురాలై ఉండొచ్చు, అడిగి చూడండి. సంతకం పెట్టించుకోవడానికి తప్ప ఎప్పుడైనా పిలిచారా అని కూడా అడగండి.

టెక్సాస్‌లో పౌరసత్వం వచ్చినవాళ్లకి చివరిగా రెండు విషయాలు. ఓటరు నమోదు ఎన్నికకి 30 రోజుల ముందే అయిపోవాలి, ప్రమాణం చేసిన రోజే ఆ ఫారం నింపేయండి. మే ఎన్నిక అంటే మే మొదటి శనివారం, పొద్దున 7 నుంచి సాయంత్రం 7 దాకా, దానికి ముందు కొన్ని రోజులు ముందస్తు ఓటింగ్ ఉంటుంది. ఓటేసే చోటికి వంద అడుగుల లోపల ఫోన్ బయటికి తీయకూడదు. సెల్ఫీ కావాలంటే పార్కింగ్‌లో తీసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఒక డిస్ట్రిక్ట్ బడ్జెట్ కాగితం తెరిచి, ఏ గీత ఏంటో ఒక్కొక్కటిగా చూద్దాం. ఉంటాను.